గ్యాస్ మాత్ర ముందా, వణుకు ముందా?

ఇది కరోనా తగ్గుముఖం పట్టాక వచ్చిన కేసు. రాసుకోమని రోగీ, ఆవిడ కోడలూ ఒప్పుకున్నారు. వయసు, పేట, ఇంట్లోవాళ్ళ పనులు మార్చాను. మందులు, మోతాదులు, నెలలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచాను. ఈ కేసులో అసలు సంగతంతా వాటిలోనే ఉంది.

నేను విశాఖలో న్యూరాలజిస్టుని. పార్కిన్సన్స్, డిస్టోనియా, కొరియా లాంటి కదలికల జబ్బుల మీద చాలా ఏళ్ళుగా నోట్సు రాసుకుంటున్నాను. అందులోనూ మందుల వల్ల వచ్చే పార్కిన్సనిజం, అంటే పార్కిన్సన్స్‌ని పోలిన వణుకూ బిగుతూ, నాకు బాగా పట్టున్న విషయం అనుకునేవాణ్ణి. దెబ్బతిన్నది సరిగ్గా అక్కడే.

ముందు నా సంగతి

న్యూరాలజీలో డీఎం చదువు అయిన కొత్తలో నా ఓపీ అంతా పక్షవాతాలూ మూర్ఛలే. ఎప్పుడైనా వణుకు కేసు వస్తే ప్రాణం లేచొచ్చేది. ఈ జబ్బుల్లో స్కాన్ కంటే కంటికి పనెక్కువ. మనిషి తలుపు తోసుకుని వచ్చి కుర్చీలో కూర్చునేలోపు సగం కేసు తేలిపోతుంది. చెయ్యి ఊగుతోందా, మలుపు దగ్గర ఎన్ని అడుగులు పడ్డాయి, కూర్చునేటప్పుడు కూలబడ్డారా, ఇవన్నీ డబ్బు ఖర్చులేని పరీక్షలు.

మందుల వైపు నన్ను లాగింది సర్పగంధి. మన అడవుల్లో దొరికే ఆ మొక్క వేరు నుంచి 1952లో రిసర్పిన్ అనే మందుని విడదీశారు. బీపీకీ, మానసిక జబ్బులకీ వాడారు. వాడినవాళ్ళలో కొందరు బిగుసుకుపోయి అచ్చం పార్కిన్సన్స్ రోగుల్లా తయారయ్యారు. 1957లో స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ రిసర్పిన్ ఇచ్చి కదలిక లేకుండా చేసిన కుందేళ్ళకి డోపా ఇస్తే అవి లేచి తిరిగాయి. రిసర్పిన్ మెదడులో కదలికని నడిపించే డోపమిన్ అనే రసాయనం నిల్వల్ని ఖాళీ చేసింది, డోపమిన్‌గా మారే డోపా వాటిని మళ్ళీ నింపింది. పార్కిన్సన్స్ రోగుల మెదళ్ళలో డోపమిన్ తగ్గిపోయి ఉంటుందని 1960లో వియన్నాలో హోర్నికీవిచ్ చూపించారు. 1967లో కొట్జియాస్ నోటిద్వారా పెద్ద మోతాదుల్లో డోపా ఇచ్చి రోగుల్ని నడిపించారు. కార్ల్‌సన్‌కి 2000లో నోబెల్ వచ్చింది. అంటే ఒక మందు తెచ్చిపెట్టిన బిగుతే అసలు జబ్బుకి మందు దొరికే దారి చూపించింది. ఇది చదివినప్పటి నుంచి నాకు ఆ దారి వదలబుద్ధి కాలేదు.

ఒక పొడవాటి రిజిస్టర్ కొని గళ్ళు గీసుకున్నాను. మందు పేరు, మోతాదు, ఎన్ని నెలలు వాడారు, ఎన్నాళ్ళకి వణుకు మొదలైంది, ఏ పక్క, ఆపిన ఆరు నెలలకి తగ్గిందా లేదా. ఆఖరి గడిలో టిక్కు పెడితే ఆ వరస ముగిసినట్టే. నా పరిశోధన అంటే చాలాకాలం ఆ రిజిస్టరే. తలనొప్పి మాత్రలు, తల తిరుగుడు మాత్రలు, వాంతుల మాత్రలు, మానసిక జబ్బుల మందులు, గ్యాస్ మాత్రలు అందులోకి ఎక్కుతూ వచ్చాయి.

కవర్లో ఏముంది

మాఘమాసంలో ఒక ఉదయం ఆవిడ వచ్చారు. అరవై దాటి రెండేళ్ళు. కొండవాలు మీద ఇల్లు, రోజూ మెట్లు ఎక్కి దిగాల్సిన మనిషి. నా గదిలోకి మాత్రం చిన్నచిన్న అడుగులు వేసుకుంటూ, కోడలి భుజం పట్టుకుని వచ్చారు. ముఖంలో ఏ భావమూ లేదు. కింది పెదవి సన్నగా, వేగంగా అదురుతోంది. రెండు చేతులూ నెమ్మదించాయి. కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుంటే వణుకుతోంది.

"అత్తమ్మ ముగ్గు ఎయ్యడం మానీసారండి. అడిగితే నడుం నొప్పి అంటారు," అంది కోడలు.

"నడుం కాదు బాబూ. చేతిలోంచి పిండి రాలదు," అన్నారావిడ. గొంతు చాలా మెల్లగా ఉంది.

ఆ మాట నేను కేస్ షీట్‌లో రాసుకోలేదు. నా కన్ను అప్పటికే కోడలి చేతిలోని ప్లాస్టిక్ కవర్ మీద ఉంది. బల్ల మీద మాత్రల అట్టలన్నీ పరిచి, ఏది ముందు మొదలుపెట్టారో ఆ వరసలో పెట్టమన్నాను. ఇది నా పాత అలవాటు. చీటీలు పోతాయి, అట్టలు పోవు. ఆ అమ్మాయి చకచకా పేర్చేసింది.

మొదటిది గ్యాస్ మాత్ర. పద్నాలుగు నెలల క్రితం కడుపుబ్బరానికి రాసింది. అందులో రెండు మందులు కలిసి ఉన్నాయి: ఎసిడిటీకి రాబెప్రజోల్, దానితో లెవోసల్పిరైడ్ 75 మిల్లీగ్రాములు. రెండు వారాలకి రాసిన చీటీ మీద మెడికల్ షాపులో నెలనెలా కొనుక్కుంటూ వచ్చారు. వేసుకుంటే హాయిగా ఉండేదట. మొదలుపెట్టిన ఐదు నెలలకి కుడి చెయ్యి వణుకు.

రెండోది ట్రైహెక్సీఫెనిడిల్, వణుకు తగ్గడానికి. పది రోజులకే మూత్రం బిగుసుకుపోయి, రాత్రుళ్ళు గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు. ఆపేశారు. మంచి పని. ఆ వయసులో ఆ మందు మతిమీద పడుతుంది.

మూడోది లెవోడోపా, అంటే పైన చెప్పిన డోపాయే. వేరే డాక్టరు పార్కిన్సన్స్ అని చెప్పి, మనవాళ్ళు '110' అనే మాత్ర రోజుకి మూడు రాశారు. అందులో లెవోడోపా 100, కార్బిడోపా 10 ఉంటాయి. కార్బిడోపా పని ఏమిటంటే లెవోడోపా మెదడుకి చేరకముందే ఒంట్లో డోపమిన్‌గా మారి వికారం పుట్టించకుండా అడ్డుకోవడం. దానికి రోజుకి కనీసం 70 మిల్లీగ్రాములైనా కావాలి. ఆవిడకి అందింది 30. సహజంగానే వికారం.

నాలుగోది ఆ వికారానికి మెటోక్లోప్రమైడ్, పూటకొకటి. దాంతో ఇంకా బిగుసుకుపోయారు. జబ్బు ముదిరిందనుకుని లెవోడోపా రెట్టింపు చేశారు. వికారమూ పెరిగింది.

ఎవరినీ తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. ఒక్కో చీటీ విడిగా చూస్తే సబబుగానే ఉంటుంది. వరసలో పెడితేనే గొలుసు కనపడుతుంది. అమెరికాలో 1995లో అచ్చయిన ఒక అధ్యయనంలో, మెటోక్లోప్రమైడ్ వాడినవాళ్ళకి తరవాత లెవోడోపా మొదలుపెట్టడం వాడనివాళ్ళతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా కనిపించింది. ఒక మందు తెచ్చిన లక్షణాన్ని కొత్త జబ్బనుకుని ఇంకో మందు రాయడం ఎక్కడైనా జరిగేదే.

లెవోసల్పిరైడ్, మెటోక్లోప్రమైడ్ రెండూ మెదడులో డోపమిన్ కూర్చోవలసిన రిసెప్టార్లలో, అంటే కణాల మీద దాని కోసం ఉన్న చోట్లలో, తాము కూర్చుంటాయి. రిసర్పిన్‌కీ వీటికీ తేడా అక్కడే. రిసర్పిన్ బిందె ఖాళీ చేస్తుంది, కాబట్టి నింపితే పని జరుగుతుంది. ఇవి బిందెకి మూత పెడతాయి. కోడలికి ఇలా చెప్పాను: "తాళం కన్నంలో విరిగిన తాళంచెవి ఇరుక్కుని ఉందమ్మా. కొత్త తాళంచెవులు ఎన్ని తెచ్చినా తలుపు రాదు."

ఏది ముందు ఆపాలి

మందు వల్లేననడానికి నా లెక్క ఇది. మాత్ర మొదలైన కొద్ది నెలలకే వణుకు. రెండు పక్కలా నెమ్మది. పెదవి అదురు, ఇది మందుల వల్ల వచ్చే రకంలో ఎక్కువ కనిపిస్తుంది. మామూలు పార్కిన్సన్స్ ఏడాది లోపు మనిషిని ఇంతగా పడగొట్టదు. ఎమ్మారైలో వయసుకి మించి ఏమీ లేదు. థైరాయిడ్ బాగానే ఉంది.

వ్యతిరేకంగా ఉన్నది ఒక్కటే: కుడి పక్క ఎక్కువ. పార్కిన్సన్స్ ఒక పక్క మొదలవుతుంది, మందుల రకం రెండు పక్కలా వస్తుంది అని విద్యార్థులకి చెబుతాం. కానీ మందుల రకంలోనూ కొందరికి ఒక పక్క ఎక్కువ ఉంటుంది. నా రిజిస్టర్‌లో అలాంటివాళ్ళు ఉన్నారు. కాబట్టి ఆ ఒక్క అభ్యంతరాన్నీ నేనే కొట్టిపారేశాను.

డోపమిన్ ట్రాన్స్‌పోర్టర్ స్కాన్ చేస్తే తేలిపోయేది. మందు వల్ల మాత్రమే వచ్చినదైతే స్కాన్ మామూలుగా ఉంటుంది, డోపమిన్ కణాలు నిజంగానే తగ్గిపోతూ ఉంటే తేడా కనపడుతుంది. మా దగ్గర ఆ యంత్రం లేదు, వేరే ఊరు పంపాలి, ఖర్చు. పైగా ఫలితం ఏదొచ్చినా మొదట చెయ్యాల్సింది మాత్రలు ఆపడమే కదా అనుకున్నాను. ఆ తర్కం ఇప్పటికీ తప్పు కాదు. కాకపోతే స్కాన్ చేయించనివాడు దాని ఫలితం తెలిసినట్టు మాట్లాడకూడదు. నేను మాట్లాడాను.

అన్నీ ఒకేసారి ఆపాలా, ఒక్కొక్కటిగానా అన్నది తరవాతి ప్రశ్న. లెవోసల్పిరైడ్, మెటోక్లోప్రమైడ్ ఆ రోజే మానిపించాను. లెవోడోపాని అలా టక్కున ఆపకూడదు. హఠాత్తుగా ఆపితే విపరీతమైన జ్వరం, బిగుతు వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. మూడు వారాల్లో మెల్లగా దించుతూ ఆపమన్నాను. ఉంచొచ్చు కదా అని మా జూనియర్ అడిగాడు. ఉంచితే రేపు తగ్గినప్పుడు దేనివల్ల తగ్గిందో తెలియదు అన్నాను. వైద్యుడి కారణం, పరిశోధకుడి కారణం రెండూ ఆ జవాబులో కలిసిపోయి ఉన్నాయి. ఏ పాళ్ళలో ఉన్నాయో ఇప్పుడు చెప్పలేను. ఎసిడిటీకి రాబెప్రజోల్ ఒక్కటే నెల రోజులకి రాశాను. వికారం మరీ ఉంటే, ఈసీజీ చూశాక, డోంపెరిడోన్ వాడదామన్నాను. అది మెదడులోకి పెద్దగా వెళ్ళదు.

లేచేటప్పుడు కోడలు అడిగింది: "పూర్తిగా తగ్గీస్తుందాండి?"

"ఆరు నెలల్లో పూర్తిగా తగ్గిపోతుంది. ఇది పార్కిన్సన్స్ కాదు," అన్నాను.

ఆవిడ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టారు. కుడి చెయ్యి ఎడమ దానికంటే కింద ఆగింది.

తగ్గలేదు

మూడు వారాలకి వచ్చారు. ఇంకా బిగుసుకుపోయి ఉన్నారు. లెవోడోపా కూడా ఆపేశాం కాబట్టి ఇప్పుడు దిక్కులేదు. ఆ రోజు నేను రెండు గంటలు మథనపడ్డాను. ఇంత తొందరగా ఫలితం రాదు, ఒక్కోసారి నెలలు పడుతుంది, అది తెలుసు. కానీ తగ్గకపోవడం వేరు, పెరగడం వేరు. లెవోడోపా తీసేయగానే పెరిగిందంటే అది కొంత పనిచేస్తూ ఉండిందా? అంటే అసలు పార్కిన్సన్సేనా?

తేల్చుకునే ముందు ఒక పని చేశాను. ఆవిడ మాత్రలు కాదు, ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, ఎవరివైనా సరే, తెమ్మన్నాను. మర్నాడు కోడలు బిస్కెట్ డబ్బా నిండా పట్టుకొచ్చింది. అందులో మామగారి గ్యాస్ మాత్ర ఉంది. కంపెనీ వేరు, పేరు వేరు, రంగు వేరు. అట్ట వెనక సన్నక్షరాల్లో మళ్ళీ లెవోసల్పిరైడ్ 75.

"అత్తమ్మ మామయ్యగారి మాత్ర ఏసీసుకుంటున్నారండి. మీరు ఆపమన్నది పచ్చ అట్ట కదా, ఇది వేరే అనుకున్నాం."

తప్పు నాదే. 'ఈ మాత్ర ఆపండి' అని అట్ట చూపించాను. మందు పేరు చెప్పలేదు. ఒకే మందు పది పేర్లతో దొరికే చోట అట్ట చూపిస్తే ఏం లాభం? గ్యాస్ మాత్రల పేర్ల చివర ఒక ఇంగ్లిష్ అక్షరం తగిలిస్తారు. డి ఉంటే సాధారణంగా డోంపెరిడోన్, ఎల్ ఉంటే తరచుగా లెవోసల్పిరైడ్. ఆ ఒక్క అక్షరానికి మెదడులో ఎంత తేడా ఉందో కొనేవాళ్ళకి తెలియదు. చాలామంది రాసేవాళ్ళకీ గుర్తుండదు. ఆ రోజు తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక కాగితం రాసిచ్చాను: లెవోసల్పిరైడ్, మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజీన్, సిన్నరిజిన్, ఫ్లునరిజిన్. ఇవి ఏ పేరుతో ఉన్నా వద్దు. షాపులో ఈ కాగితం చూపించండి. ముసలాయన మాత్ర కూడా మార్పించాను. ఆయనకి వణుకు లేదు. ఇప్పటికైతే.

తగ్గింది

అక్కడి నుంచి కథ నేను చెప్పినట్టే నడిచింది. ఆరు వారాలకి పెదవి అదురు పోయింది. ముఖంలోకి నవ్వొచ్చింది. మూడు నెలలకి ఎడమ చెయ్యి మామూలైంది. మెట్లు ఒక్కరే దిగుతున్నారు. సింహాచలం వెళ్ళి అప్పన్నని చూసి వచ్చామని ప్రసాదం తెచ్చిచ్చారు. కుడి చెయ్యి కాస్త వెనకబడి ఉంది, వణుకు ఎప్పుడో ఒకసారి. అది కూడా పోతుందిలెండి అన్నాను.

ఆరో నెలలో పరీక్ష చేసినప్పుడు కుడి చేతి బొటనవేలు, చూపుడువేలు తట్టించాను. మొదటి పది దెబ్బలు బాగానే పడ్డాయి. పదితో ఆపేశాను. రిజిస్టర్‌లో టిక్కు పెట్టాను. ఈ కేసుని జూనియర్లకి రెండుసార్లు పాఠంగా చెప్పాను, బిస్కెట్ డబ్బాతో సహా. వాళ్ళు నవ్వారు. నాకూ బాగుండింది.

ఎక్స్‌రే ఫిల్మ్ మీద ముగ్గు

ధనుర్మాసం మొదలైన వారానికి కోడలు ఫోన్ చేసింది. అత్తగారు ఈ ఏడు మళ్ళీ ముగ్గు వేస్తానని కూర్చున్నారట. రెండు గీతలు వేసి డబ్బా విసిరికొట్టి లోపలికి వెళ్ళి ఏడ్చారట.

మర్నాడు వచ్చారు. ఎడమ పక్క శుభ్రంగా ఉంది. కుడి చెయ్యి మూడు నెలల క్రితం కంటే ఇప్పుడు బిగుతు. మాత్రలేవీ లేవు, కాగితం చూపించి మరీ కొంటున్నారు. అయినా మళ్ళీ డబ్బా తెప్పించి చూశాను. ఏమీ దొరకలేదు. మందు వల్లే వచ్చినదైతే ఆపాక తగ్గాలి, లేదా ఉన్నచోట ఉండాలి. ఒక పక్క తగ్గి, రెండో పక్క పెరగడానికి ఆ మందు ఇప్పుడు ఒంట్లో లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, 'చేతిలోంచి పిండి రాలదు బాబూ'.

ఆయాని పంపి ముగ్గుపిండి తెప్పించాను. బల్ల మీద ఒక పాత ఎక్స్‌రే ఫిల్మ్ పరిచి, నల్లగా ఉంటుంది కదా, దాని మీద గీతలు వేయమన్నాను. ముగ్గు ఎలా పడుతుందో అంతవరకూ నేను ఎప్పుడూ పరీక్షగా చూడలేదు. పిండి చూపుడువేలు, మధ్యవేలు మీద ఉంటుంది. బొటనవేలు దాన్ని ఆగకుండా ముందుకి రాస్తూ ఉంటుంది. చెయ్యి కదిలే వేగానికీ బొటనవేలు రాసే వేగానికీ పొత్తు కుదిరితేనే గీత ఒకే మందంలో వస్తుంది. ఎడమ చేత్తో, అలవాటు లేకపోయినా, వంకరగా అయినా, పిండి ధారగా పడింది. కుడి చేత్తో మొదటి జానెడు గీత చక్కగా వచ్చింది. రెండోది పలచబడింది. మూడో గీత మధ్యలో బొటనవేలు ఆగిపోయింది. చెయ్యి జరుగుతోంది, పిండి రాలడం లేదు. నేను పది దెబ్బలతో ఆపేసిన పరీక్షని ఆవిడ ముప్ఫయ్యో దెబ్బ దాకా తీసుకెళ్ళి చూపించినట్టయింది. ఒకే కదలిక మళ్ళీమళ్ళీ చేస్తుంటే చిన్నదైపోతూ ఆగిపోవడం పార్కిన్సన్స్‌కి గుండెకాయ లాంటి గుర్తు.

కోడలి ఫోన్‌లో ఏటేటా ముగ్గుల ఫోటోలు ఉన్నాయి, స్టేటస్‌లో పెట్టడానికి తీసినవి, తేదీలతో. ఏవి అత్తగారు వేసినవో, ఏవి తను వేసినవో విడదీయమన్నాను. తేదీలు దాచి, ఏ సంగతీ చెప్పకుండా మా ఫిజియోథెరపిస్టుకి చూపించి, బాగున్నదాని నుంచి చెడినదాని వరకు వరసలో పెట్టమన్నాను. నేను చూస్తే నాకు కావలసిందే కనపడుతుందని భయం. ఆమె పెట్టిన వరస, తేదీల వరస ఒక్కటే అయ్యాయి. గ్యాస్ మాత్ర మొదలవడానికి పదకొండు నెలల ముందు సంక్రాంతి ముగ్గు ఉంది: 21 చుక్కలు, సందు చుక్క, 11 వరకు. ఎడమవైపు మెలికలు నిండుగా ఉన్నాయి. కుడివైపుకి వచ్చేసరికి ముడుచుకుపోయి, గీత అక్కడక్కడా తెగింది. అంతకు ముందు ఏడాది ముగ్గులో ఆ తేడా లేదు.

మాత్ర కంటే ముందే చెయ్యి మొదలైంది.

ఇక అప్పుడు అడిగాను, మొదటి రోజు అడగాల్సినవన్నీ. కుడి భుజం నొప్పి, గ్యాస్ మాత్రకి ఏడాది ముందు నుంచి. ఫ్రోజెన్ షోల్డర్ అని ఇంజెక్షన్ కూడా చేశారు. వాసన? కోడలు వెంటనే అందుకుంది: "పాలు మాడిపోయి ఇల్లంతా కంపు కొడతంటే పక్క గదిలోనే ఉన్నారండి. తెలీలేదు." కరోనాలో పోయిందేమోనని గుచ్చి అడిగాను. కాదు, తన బాబు పుట్టిన ఏడు, కరోనాకి ముందే. మలబద్ధకం పదేళ్ళ నుంచి, రాత్రి త్రిఫల చూర్ణం లేనిదే కుదరదు. నిద్ర సంగతి ఆవిడకి తెలియదు. ఎప్పుడూ కింద స్కూటర్ దగ్గరే నిలబడే ముసలాయన్ని పైకి పిలిపించాను. ఆయన సిగ్గుపడుతూ చెప్పాడు: "కలలో ఎవుల్నో కొడతాది బాబూ. ఓసారి నా ముక్కు మీద తగిలింది. మంచాలు వేరు చేసుకుని నాలుగైదేళ్ళవుతాది." తొమ్మిది నెలలుగా ఆయన మెట్ల కింద ఉన్నాడు. నేను ఒక్కసారి పిలవలేదు.

వాసన పోవడం, కలల్లో కాళ్ళూ చేతులూ ఆడించడం, మలబద్ధకం, ఇవి వణుకు కంటే ఏళ్ళ ముందే రావచ్చని ఇప్పుడు అందరికీ తెలుసు. ఈ జబ్బు మెదడులో నడకని చూసే భాగం నుంచి కాక, వాసన చూసే భాగంలోనూ, పేగుల్ని నడిపించే నరం మొదట్లోనూ ముందు కనపడుతుందని 2003లో జర్మనీలో బ్రాక్ బృందం ప్రతిపాదించింది. అందరి విషయంలో అలాగే జరగదు, వాదాలున్నాయి. కానీ ఆవిడ కడుపుబ్బరం గురించి మళ్ళీ అడిగాను. రెండు ముద్దలకే కడుపు నిండిపోయినట్టు ఉండేదట, తిన్నది అక్కడే కూర్చున్నట్టు. పార్కిన్సన్స్‌లో జీర్ణాశయం మెల్లగా ఖాళీ అవుతుంది. ఏ గ్యాస్‌కైతే ఆ మాత్ర రాశారో, ఆ గ్యాసే ఈ జబ్బు తొలి గుర్తు కావచ్చు. రుజువు చేయలేను. మనకి గ్యాస్ అంటే సకల రోగాలకీ పెట్టిన పేరు; దాని కింద ఏముందో అడగకుండానే మాత్ర రాస్తాం, వేసుకుంటాం.

అంటే రెండూ నిజమే. డోపమిన్ కణాలు సగానికి పైగా పోయేదాకా బయటికి పెద్దగా తెలియదు. అలా అంచు మీద ఉన్న మనిషికి మూత పెట్టే మందు ఇస్తే ఆ మనిషి ఒక్కసారిగా పడిపోతుంది. మందు తీస్తే లేస్తుంది, కానీ అంచు మీదికే.

ఆవిడకి చెప్పడం ఆ రోజు నాకు కష్టమైన పని. 'పార్కిన్సన్స్ కాదు' అన్న నోటితోనే చెప్పాలి. చుట్టూ తిప్పకుండా చెప్పాను, మొదట తొందరపడి మాటిచ్చానని కూడా. ఆవిడ కాసేపు ఎక్స్‌రే ఫిల్మ్ మీద పిండిని వేలితో పోగు చేశారు. "చెయ్యి నాది కదా బాబూ, నాకు తెలుసు. మీరు కాదన్నారని ఊరుకున్నాను," అన్నారు.

లెవోడోపా మళ్ళీ మొదలుపెట్టాను. ఇంట్లో గొడవైంది: పనిచెయ్యని మందే కదా, మళ్ళీ ఎందుకు? మూత తీశాక నీళ్ళు పోయడం వేరని చెప్పాను. ఈసారి కార్బిడోపా 25 ఉన్న '125' మాత్ర, అర చొప్పున మూడు పూటలా, భోజనానికి ముప్పావుగంట ముందు. వికారం అనిపిస్తే రెండు బిస్కెట్లు, అంతే. మూడు వారాల్లో ఒక్కో మాత్రకి పెంచాం. వికారం రాలేదు. ఐదో వారానికి కుడి చేతి వేళ్ళు ముప్పై దెబ్బలు ఆగకుండా తట్టాయి. భుజం నొప్పి కూడా తగ్గింది. అంత స్పష్టంగా పనిచేశాక ఇక స్కాన్ కోసం ఊళ్ళు తిప్పడం ఎందుకని మానేశాను.

రిజిస్టర్‌లో మార్పులు

ఆ టిక్కు కొట్టేయలేదు. పక్కన తేదీ వేసి, ఎర్ర సిరాతో రాశాను, కనపడాలని.

గళ్ళు మారాయి. మందుకి ముందు అనే కొత్త భాగం పెట్టాను: వాసన, నిద్ర, మలబద్ధకం, భుజం, చేతిరాత. నిద్ర గడి నింపాలంటే పక్కన పడుకునేవాళ్ళని పిలవాలి, లేకపోతే ఆ గడి ఖాళీగా వదలాలి. 'లేదు' అని రాయకూడదు. ఆరు నెలల గడి తీసేసి రెండేళ్ళ గడి పెట్టాను. పాత టిక్కుల్లో దొరికినవాళ్ళకి ఫోన్లు చేయించాను. మొదట వచ్చిన పెద్దాయన తలుపు దగ్గర ఒక క్షణం ఆగి, ఎడమ కాలు ఈడ్చుకుంటూ లోపలికి వచ్చాడు. ఆయన వరసలో నాలుగేళ్ళ క్రితం నేను పెట్టిన టిక్కు ఉంది.

జూనియర్లకి పాఠం ఇప్పుడు వేరేగా చెబుతున్నాను. దొంగ దొరికాడు కదా అని ఇల్లు వెతకడం మానేశాను, అదీ నేను చేసింది. మందు దొరకడం నా చదువుకి నచ్చిన జవాబు, కాబట్టి కుడి చెయ్యి చెప్పింది వినలేదు. వేళ్ళు తట్టించడం పదితో ఆపకండి. మూత పెట్టే మందు ఒంట్లో ఉండగా లెవోడోపా పనిచెయ్యలేదు అంటే అది ఏమీ చెప్పినట్టు కాదు, కేస్ షీట్‌లో అలా రాయకండి. ఇంటివాళ్ళు ఎప్పటికి తగ్గుతుందని అడిగితే నేను ఇప్పుడు అనే మాట ఇది: "మాత్ర ఆపితే చాలావరకు తగ్గొచ్చు. దాని కింద ఇంకేమైనా ఉందో లేదో తేలడానికి రెండేళ్ళు చూడాలి." కొందరికి ఈ జవాబు నచ్చదు, వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తారు. వెళ్ళేటప్పుడు మందుల కాగితం మాత్రం చేతికిచ్చి పంపుతాను.

ఆవిడ ఇప్పుడు రోజుకి నాలుగు మాత్రలు వేసుకుంటున్నారు. సాయంత్రం ఐదింటికి మందు బలం తగ్గినట్టు ఉంటుందని మధ్యలో ఒకటి కలిపాను. మలబద్ధకానికి ఇసబ్‌గోల్, నీళ్ళు. గ్యాస్‌కి మాత్ర రాయమని ప్రతిసారీ అడుగుతారు. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు తినమని ప్రతిసారీ చెబుతాను. మొన్న ధనుర్మాసంలో కోడలు పంపిన ఫోటో ప్రింటు తీసి రిజిస్టర్‌లో అతికించాను. 15 చుక్కలు, సందు చుక్క, 8 వరకు. లోపలి మెలికలన్నీ ఆవిడవి. ఆఖరి చుట్టు మాత్రం కోడలు వేసింది, అది కూడా కింద రాశాను.